తొమ్మిదో పిల్ల

ఎనిమిది. మళ్ళీ ఎనిమిదే. మెడ వెనక్కి తిప్పి తిప్పి నరాలు పట్టేస్తున్నాయి గాని బస్సు వెనక సీట్లలో తలకాయలు ఎనిమిదికి మించి కనబడవు. తొమ్మిదోది ఎవరో నాకు తెలుసు, ఇంకెవరు, నేను కన్న కూతురు కుసుమ, చివరి సీటు మూలన కిటికీ పక్కన కూర్చుని ముందు దుప్పటి అడ్డం కట్టించుకుంది మహారాణి, నా మొహం చూడకూడదని. చూడకపోతే పోయింది, కుప్పంలో దిగి గ్రౌండులో నిలబడితే చాలు, ఎందుకంటే ఖోఖో ఆడాలంటే తొమ్మిది మంది ఉండాలి, ఎనిమిది మంది వరసగా కూర్చోవాలి, ఒకతె తరమాలి, నా దగ్గర ఉన్నది సరిగ్గా తొమ్మిది మంది. పన్నెండు మందిని తీసుకురమ్మన్నారు పోటీలకు. తెచ్చేదాన్నే. ఒకతెకు టమోటా కోతలు, ఒకతెకు మేనమామ పెళ్ళి, ఇంకొకతెకు నిన్న సాయంత్రం దాకా లేని జ్వరం తెల్లారేసరికి వచ్చింది. వాళ్ళమ్మ గడప దాటకుండా నిలబడి "మీకేం టీచర్, మీ బిడ్డను మీరు యాడికైనా తోలుకోని పోతారు, మా బిడ్డకు ఏమన్నా అయితే ఎవురు జవాబు?" అంది. నా బిడ్డట. ఆవిడకేం తెలుసు నా బిడ్డ సంగతి.

నా బిడ్డ ఈ పొద్దున దువ్వెన పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. నేను అప్పటికే లేచి అందరికీ పులిహోర కలిపి, పొట్లాలు కట్టి, ఖోఖో బనియన్లు లెక్కపెట్టి, రాత్రి కురబలకోట నుంచి వచ్చి మా ఇంట్లోనే పడుకున్న బయ్యమ్మకు జడ వేస్తున్నాను, ఆ పిల్ల జుట్టు గొర్రె ఉన్నిలాగా చిక్కులు, వాళ్ళ నాయన గొర్రెల వెంట, వాళ్ళమ్మ కూలికి, ఆ పిల్ల తలకు నూనె ఎవరు పెడతారు మరి. "అమ్మా, నాకు" అంది కుసుమ. ఉండవే అన్నాను. "కడుపులో నొప్పిగా ఉండాది" అంది. ఆట భయం, నీళ్ళు తాగు అన్నాను. ఇంకొక జడ అయ్యేసరికి అది తానే ఏదో వంకరటింకరగా ఒక జడ చుట్టుకుని, రిబ్బను కూడా లేకుండా, వాకిట్లో నిలబడి చాలా నెమ్మదిగా, అరిచినా బాగుండేది, అరవకుండా అంది: "నేను నీకు కూతురునా, తొమ్మిదో పిల్లనా?" అంతటితో ఆపిందా. కుప్పం నుంచి వచ్చేటప్పుడు నన్ను వీకోటలో అవ్వ దగ్గర దించేయ్, ఆడే సదువుకుంటా అంది. బడి సంచీ కూడా సర్దేసుకుంది, బట్టలూ పుస్తకాలూ అన్నీ. వాళ్ళ నాయన శ్రీనివాసులు గారు టమోటా మార్కెట్టుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి ఆగి, "ఆడ అయితే టయానికి అన్నం పెడతాది మా యమ్మ" అన్నారు. అంతే. తండ్రి తీర్పు అయిపోయింది. సైకిలెక్కి వెళ్ళిపోయారు. మా అత్త ఎండాకాలం సెలవుల నుంచే అడుగుతోంది, దాన్ని నా కాడ వదిలిపెట్టు కృష్ణవేణీ, నీకు ఊరి పిల్లలందరూ ఉండారు గదా అని. ఎంత తీపిగా అంటుందో ఆ మాట, వినేవాళ్ళకు పొగడ్త అనిపిస్తుంది.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే ఇద్దరు దూకేశారు. క్యాథరిన్, బయ్యమ్మ. క్యాథరిన్ అంటే మిషన్ ఆస్పత్రిలో నర్సు విమల కూతురు, బుద్ధిమంతురాలు, నా తర్వాత జట్టుకు పెద్ద దిక్కు అదే, అదే అలా చేస్తే నేనెవరికి చెప్పుకోను. కిటికీలోంచి అరిచాను, ఎక్కడికే అని. "బిస్కెట్లు టీచర్" అని ఒక కేక. పులిహోర పొట్లాలు నా కాళ్ళ దగ్గర గోనెసంచిలో మగ్గుతుంటే బిస్కెట్లు కావాలి వీళ్ళకు. కండక్టరు నా దగ్గరికి వచ్చి విజిల్ నోట్లోంచి తీసి, "ఏం టీచరమ్మా, మీ పిల్లోళ్ళు షికారు పోయొచ్చేదాకా బస్సును ఈడ్నే నిలబెట్టుకోని ఉండాల్నా?" అన్నాడు. బస్సంతా నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చాను. ఒక్క నిమిషం అప్పా, పుణ్యముంటుంది అని బతిమాలాను, నేను, ఇరవై ఏళ్ళ సర్వీసు లెక్కల టీచర్ని, బస్టాండులో కండక్టరును బతిమాలాను. పరుగెత్తుకుంటూ వచ్చారు ఇద్దరూ. క్యాథరిన్ చేతిలో న్యూస్ పేపరు చుట్టిన పొట్లం. బిస్కెట్లు పేపర్లో చుట్టి ఎవరిస్తారే అని అడిగేలోపల నన్ను దాటి వెనక్కి పోయింది, నవ్వు లేదు, మాట లేదు. వాళ్ళతో పాటే ఒక పెద్దావిడ పట్టుగూళ్ళ సంచి నెత్తిన పెట్టుకుని ఎక్కి, ముందు సీట్లు లేక వెనక్కి వెళ్ళింది. బస్సు కదిలింది. నేను చదువుకున్న బడి, ఆ బడి మైదానం కిటికీ పక్కనుంచి పోయాయి, ఆ మైదానంలో ఖోఖోలో నన్ను పట్టుకున్నవాళ్ళు లేరు, పోల్ దగ్గర తిరిగానంటే గాలికి కూడా దొరికేదాన్ని కాదు, అది ఎలా ముగిసిందో ఇప్పుడెందుకు, పోయింది మైదానం, రైసు మిల్లు వచ్చింది.

అయినా నాకెందుకు ఈ గాడిద చాకిరీ. మా బడిలో పీటీ పోస్టు ఖాళీ అయి ఎన్నాళ్ళయింది, ఎవరినైనా వేశారా. సాయంత్రం పిల్లలు ఊరికే గోడ ఎక్కి దూకుతుంటే చూడలేక, పోనీ నాలుగు రోజులు ఖోఖో నేర్పుదాం అనుకున్నాను. నాలుగు రోజులట. ఆ తర్వాత ఆదివారాలు కూడా. ఆపైన పట్నంలోని క్రీడా సంఘం వాళ్ళు వచ్చి, మేడం, మీరైతే ఆడపిల్లల్ని ఇళ్ళవాళ్ళు పంపుతారు అన్నారు, అంటే నా ఆట గొప్పదని కాదు, నా చీర గొప్పదని. సరేనన్నాను. నాకు సరే అనే రోగముంది. జనాభా లెక్కలన్నారు, సరే, కుక్కలు తరుముతుంటే సందు సందూ తిరిగాను, మీ ఇంట్లో ఎంతమంది, దీపం కరెంటా కిరసనాయిలా, మరుగుదొడ్డి ఉందా అని అడిగి అందరి చేతా తిట్లు తిన్నాను. ఆదివారం పోలియో చుక్కలన్నారు, సరే. జన్మభూమి సభలన్నారు, సరే. ఓటర్ల జాబితా అన్నారు, సరే. మధ్యలో పదో తరగతికి లెక్కలు కూడా చెప్పాలట, ఆ సంగతి ఎప్పుడో ఒకసారి గుర్తొస్తుంది పైవాళ్ళకు, అదీ రిజల్టు వచ్చిన రోజు. ఇంటికొస్తే మార్కెట్టు నుంచి వచ్చిన ఆయన, టమోటా ధర పడిపోయిందని నా మీద మొహం మాడ్చుకుంటారు, ధర నేను తగ్గించినట్టు. నా బుర్రలో ఎప్పుడూ ఎవరో ఒకరి హాజరు పలుకుతూనే ఉంటుంది. నాకు మాత్రం ఎక్కడ కూర్చోవాలనిపిస్తుందో ఎవరూ అడగరు, అడిగితే జవాబు చెప్పడానికి కూడా నాకు టైం లేదు. అదే మాట కుసుమతో అంటే, మరి సరే అనేది నువ్వే గదా, ఒకసారి నాతో కూడా అను అంది. పిల్లకు నోరు ఎక్కువయింది, నా నోరే.

"టీచర్." బయ్యమ్మ. సీటు కడ్డీ పట్టుకుని ఊగుతోంది. "టీచర్, మీ కాడ తాళాలు ఉండాయా?" ఏం తాళాలే? "ఏదో ఒకటి టీచర్. ఇనపయి." ఎందుకు అన్నాను. "ఊరికే." బస్సులో ఊరికే తాళాలెందుకే, ఏ బీరువా తెరుస్తారు, ఇప్పుడేం ఆట మొదలుపెట్టారు, చేతులు కోసుకుంటే సాయంత్రం ఎవరు ఆడతారు అని మొదలుపెట్టాను, ఆ పిల్ల కదిలితేనా, గొర్రెలు కాసే ఇంటి పిల్ల, ఎంతసేపైనా నిలబడుతుంది. విసుగొచ్చి పర్సులోంచి ఇంటి తాళాల గుత్తి తీసి చేతిలో పెట్టాను. "కుసుమ ఏం చేస్తోంది?" అన్నాను, అడగకూడదనుకుంటూనే. "పండుకోనుండాది టీచర్." పడుకుంటే దుప్పటి కప్పుకోవాలి గాని అడ్డం కట్టుకుంటారా ఎవరైనా. నేను లేచి చూస్తాను అనబోయాను. బయ్యమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, విద్యార్థిని, నా భుజం మీద, "మీరు రావద్దు టీచర్. రావద్దు అనింది" అని పరుగెత్తింది. ఒళ్ళు మండిపోయింది నాకు. రావద్దు అందట. నన్ను. తాళాలు మాత్రం కావాలట.

పలమనేరు వచ్చింది, పోయింది. ఎవరూ దిగలేదు, ఎవరూ ఏమీ కొనలేదు, ఇంతమంది పిల్లలు ఇంత నిశ్శబ్దంగా ఉండడం నా సర్వీసులో ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప ఎప్పుడూ ఎరగను. మదనపల్లెలో ఎక్కినప్పుడు పాటలతో బస్సు ఎగిరిపోయిందే. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఎనిమిది జతల కళ్ళు ఒక్కసారి నన్ను చూసి ఒక్కసారి వేరే వైపు తిరుగుతాయి. అంటే అందరికీ చెప్పేసింది. నన్ను అవ్వ దగ్గర వదిలేస్తున్నారు, నేను ఇంక మీతో ఉండను అని చెప్పుకుని ఏడ్చి ఉంటుంది, వీళ్ళందరూ దాని పక్షం, ఉండరా మరి, తోటి పిల్ల, నేను ఎంత జడ వేసినా టీచర్నే. అడవి మొదలైంది. ఈ దారిలో రాత్రిళ్ళు ఏనుగులు రోడ్డు దాటుతాయంటారు, డ్రైవరు ఊరికే హారను కొడుతున్నాడు. ఇది దాటితే వీకోట. బస్టాండులో మా అత్త నిలబడి ఉన్నా ఉంటుంది, ఆయన ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి చెప్పి ఉంటారు, వచ్చేటప్పటి దాకా ఎందుకు, పొయ్యేటప్పుడే దిగేయమను అని. దిగేస్తే? ఎనిమిది మందితో కుప్పంలో నేనేం చేయను. ఛీ, మళ్ళీ అదే లెక్క. పిల్ల పోతోందిరా దేవుడా అంటే ఆట పోతుందని ఏడుస్తున్నానేమిటి. కాదు, ఆట కోసం కాదు. పదమూడేళ్ళ పిల్ల, పొద్దున లేస్తే దాని గొంతు వినబడకపోతే ఆ ఇంట్లో నేనేం చెయ్యాలి, ఎవరి మీద విసుక్కోవాలి. నేను విసుక్కునేది అది ఉందనే ధైర్యంతోనే కదా. ఇది ఎవరికి చెబితే అర్థమవుతుంది. పోయి దానితో చెబుదామంటే రావద్దు అంది.

పక్కన ఎవరో కూలబడ్డారు. పట్టుగూళ్ళ సంచీ ఆవిడ. సంచి వెనకే వదిలేసి వచ్చింది. "నా పేరు పాపక్క, మాది వీకోట పక్కన" అంది, నేను అడగలేదు. చెమట తుడుచుకుని, నా మొహంలోకి చూసి నవ్వింది, పళ్ళు ఎర్రగా. "నువ్వేనంట గదమ్మా ఆ బిడ్డ తల్లివి. దిగులు పడాకు. నేను సూసినా గదా మొదట. బాగుండాది. బట్టలు మార్పిచ్చినాము, ఆ నర్సమ్మ కూతురు బలే పని చేసింది, పుంగనూర్లో మందుల షాపులో అన్నీ తెచ్చింది."

ఏ బిడ్డ, ఏ బట్టలు.

"అయ్యో, ఇంకా తెలీదా నీకు! నీ కూతురు పెద్దమనిసి అయిందమ్మా. మదనపల్లె దాటినాక తెలిసిందంట పాపం. నువ్వు పోగూడదులే. నీళ్ళు పోసేదాకా తల్లి కండ్ల బడగూడదు గదా, తల్లికి కీడు. అందుకే పిల్లోళ్ళు నీకు అడ్డం కూసున్నారు. అడివి దావ గదా, చేతిలో ఇనుము ఉండాలంటే తాళాలిచ్చినావంట. మంచి పని చేసినావు."

మంచి పని చేశానట. నా తాళాల గుత్తి నా కూతురి చేతిలో దయ్యాలను తరుముతోందట, నేను ముందు సీట్లో కూర్చుని పులిహోరను కాపలా కాస్తున్నాను. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వాను, నవ్వు సగంలో ఉండగా ఏడుపొచ్చింది. పొద్దున కడుపు నొప్పి అంటే నీళ్ళు తాగమన్నాను. ఎవరు, నేను! తొమ్మిదో తరగతి పిల్లలందరినీ గదిలో కూర్చోబెట్టి, క్యాథరిన్ వాళ్ళమ్మ విమలను పిలిపించి, చార్టు గోడకు తగిలించి, ఇది రోగం కాదు, అంటు కాదు, భయపడకండి, ఆటలు మానకండి అని గంటసేపు చెప్పించిన కృష్ణవేణి టీచర్ని. కురబలకోటలో బయ్యమ్మ వాళ్ళ వాకిట్లో నిలబడి, ఏం కాదమ్మా, ఆడితే ఏం కాదు అని వాళ్ళమ్మతో పోట్లాడి వచ్చినదాన్ని. కుసుమది ఎనిమిదో తరగతి, దాని వంతు వచ్చే ఏడాది, క్లాసు ప్రకారం. ఇంట్లో చెబుదాంలే అనుకున్నాను, ఆదివారం చెబుదాం, పోలియో అయ్యాక చెబుదాం. ఆ తీరిక మా అత్తకు దొరికింది, ఎండాకాలంలో, అరుగు మీద, పేలు చూస్తూ చెప్పి ఉంటుంది. తల్లి చూడకూడదని. పుంగనూర్లో నన్ను కూడా అలాగే కూర్చోబెట్టారు, మా పిన్నమ్మ వచ్చి కొట్టంలో మూల చూపించి కూర్చోమంది, మా అమ్మ తలుపు అవతలి నుంచే మాట్లాడేది, అన్నం తిన్నావా అని, తలుపుతో మాట్లాడినట్టు ఉండేది నాకు. ఆ తర్వాత మైదానం లేదు, పోల్ లేదు, పరుగు లేదు, అది సరే, అదంతా ఒక ఎత్తు. అమ్మ మొహం కనబడకపోవడం ఒక ఎత్తు. భయంగా ఉన్నప్పుడు తలుపును చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడది దుప్పటిని చూస్తూ కూర్చుంది.

లేచాను. "వద్దమ్మా, నీ మంచికే సెప్తాండాను" అని పాపక్క నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది, లాక్కున్నాను. బస్సు మలుపులో పక్కకు పడేసింది, ఎవరి భుజమో పట్టుకున్నాను, ఎవరో తిట్టారు, తిట్టనీ. చివరి సీట్ల దగ్గర నా జట్టు లేచి నిలబడింది, భుజానికి భుజం ఆనించి, నేను నేర్పిందే, సందివ్వకుండా నిలబడడం.

"జరగండి" అన్నాను.

"టీచర్, మీకే మంచిది కాదు టీచర్" అంది క్యాథరిన్, కళ్ళ నిండా నీళ్ళు. ప్రభువును నమ్మే ఇంటి పిల్ల, ఈ నమ్మకాలేవీ లేని పిల్ల, స్నేహితురాలు ఏడ్చిందని కాపలా కాస్తోంది. దాని చెంప నిమిరి పక్కకు జరిపాను. బయ్యమ్మ జరగలేదు, నేను వేసిన జడ పట్టుకుని లాగాల్సి వచ్చింది.

దుప్పటి వెనక నుంచి ముద్ద ముద్దగా వినబడింది. "అమ్మా, రావద్దే. నీ కాళ్ళకు దండం పెడతా, రావద్దు."

"నా మీద అంత కోపమా?" అన్నాను.

"కోపం కాదే! నువ్వు చూస్తే నువ్వు సచ్చిపోతావంట. అవ్వ చెప్పింది. ఎవురో వాళ్ళమ్మ అట్లే పోయిందంట. నువ్వు ముందుకు పోయి కూసో."

కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. మదనపల్లె దాటినప్పటి నుంచి, కడుపు నొప్పితో, బట్టలు తడిసి, భయంతో, ఇరవై అడుగుల దూరంలో అమ్మను పెట్టుకుని, ఒక్కసారి కూడా పిలవలేదు ఈ పిల్ల. నేను అలకనుకున్నాను. పిలిస్తే నేను చచ్చిపోతానని పిలవలేదు.

"వీకోటలో దిగిపోదాం పద" అన్నాను. "అవ్వ దగ్గర కాదు. మదనపల్లెకు తిరిగి బస్సెక్కుదాం, మనిద్దరం. ఆట లేదు గీట లేదు."

"తొమ్మిది మందే గదా ఉండేది" అంది దుప్పటి. ముక్కు చీది, మళ్ళీ అంది: "నేను ఆడతా. నొప్పి తగ్గింది, మాత్ర ఇచ్చింది క్యాథి. నేను ఆడేటప్పుడు నువ్వు అట్ల తిరుక్కోని నిలబడు, సాలు."

ఇదెక్కడి లెక్కరా నాయనా. ఎవరి పిల్ల ఇది. దుప్పటి కొస పట్టుకుని లాగేశాను, పిన్నీసులు ఎగిరిపడ్డాయి, ఎనిమిది మందీ ఒక్కసారి "హా!" అన్నారు, ముందు నుంచి పాపక్క "రామచంద్రా" అంది. కుసుమ రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంది, అది నన్ను చూడకపోతే నేను దాన్ని చూసినట్టు కాదనుకుందో ఏమో. వంకర జడ ఊడిపోయి ఉంది. ముక్కు ఎర్రగా. తాళాల గుత్తిని పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి. గడ్డం మీద చిన్న మొటిమ, ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. పెదవి పైన మా అమ్మది లాంటి పుట్టుమచ్చ, అది మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉంది, దాన్ని చూసి కూడా ఎన్నాళ్ళయిందో. ముందు కండక్టరు వీకోట, వీకోట అని అరుస్తున్నాడు, దిగేవాళ్ళు లేస్తున్నారు. నేను చూశాను. తీరికగా, కావలసినంతసేపు చూశాను.

"చూసేసినావా?" అంది, కళ్ళు తెరవకుండానే.

"చూసేసినా."

"ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు, బతికే ఉండాను. జరుగు, నేను కూసోవాల."